మగవారై ఉండి

“ఆ పళ్ళ డాక్టరు మళ్ళీ ఏదో కథ పెట్టిందట. నన్ను ట్యాగ్ చేసింది. రెండు మంచి మాటలు రాసి పడెయ్యి,” అన్నాడు మా ఆయన, బ్రష్షు నోట్లో పెట్టుకునే.

నేను పొయ్యి గట్టు తుడుస్తున్నాను. పొంగిన పాలు ఎండి అట్టకట్టుకుపోయి, ఎంత రుద్దినా రావడం లేదు. ఒక చెవి కుక్కరు మీద, ఇంకో చెవి లోపల గదిలో సాక్సు కనపడటం లేదని గొణుగుతున్న కూతురి మీద. రాసి పడెయ్యి అనడంలో ఆయనకున్న సులువు చూస్తే ముచ్చటేస్తుంది. చొక్కా ఇస్త్రీ చేసి పడెయ్యి, కరెంటు బిల్లు కట్టి పడెయ్యి, అమ్మకి మాత్రలు ఇచ్చెయ్యి, పళ్ళ డాక్టరుకి కామెంటు రాసి పడెయ్యి. కథ చదివారా అని అడిగాను. చదవడానికి తనకెక్కడ తీరికుంది, నువ్వు ఎలాగూ చదువుతావుగా అని నోరు పుక్కిలించడానికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సోఫాలో కూర్చుని పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాడు.

మా ఆయన బ్యాంకులో ఆఫీసరు. కవి కూడా. ఆ మధ్య కవితల పుస్తకం వేసుకున్నాడు. పంచగా మిగిలినవి మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఊడ్చినప్పుడల్లా వాటిని ఇటు జరిపి అటు జరిపేది నేను. పుస్తకం వేస్తే చాలదనీ, ఫేస్‌బుక్కులో రాసేవాళ్ళందరితో పరిచయాలు పెంచుకోవాలనీ, వాళ్ళ పోస్టుల కింద మనం రాస్తేనే వాళ్ళొచ్చి మన పోస్టుల కింద రాస్తారనీ ఎవరో స్నేహితుడు ఆయనకి సలహా ఇచ్చాడు. సలహా నచ్చింది. అందులో ఉన్న పని నచ్చలేదు. “నీకు టైపింగ్ వచ్చుగా,” అన్నాడు. నిజమే, నేను రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో రిపోర్టులు టైపు చేస్తాను. రోజంతా ఊరందరి షుగర్లూ కొవ్వులూ కొట్టీ కొట్టీ వేళ్ళు వాటంతట అవే నడుస్తాయి. ఆ అర్హతతో ఆయన తన అకౌంటు తెచ్చి నా ఫోన్లో పెట్టాడు. నేనేదో అనబోతే మా అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండానే, “వాడి పని కాస్త చూసిపెడితే నీ చేతులేం అరిగిపోవు,” అంది.

నాకూ ఒకప్పుడు నా పేరుతో అకౌంటు ఉండేది. కథలంటే నాకు పిచ్చి. రాయను, కానీ చదివినదాని గురించి ఎవరితోనైనా మాట్లాడకపోతే నాకు తిన్నది అరగదు. ఇంట్లో ఎవరితో మాట్లాడను? అందుకని రాసేవాళ్ళ గుంపుల్లో చేరాను. ఒక పెద్ద రచయిత కథ కింద, కూతురి పాత్ర మధ్యలో మాయమైపోయిందేమిటండీ అని అడిగాను. ఆయన ఒక దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. నా ప్రశ్నకి జవాబు రాలేదు గానీ తెల్లారేసరికి ఇన్‌బాక్సు నిండా ముక్కూ మొహం తెలియని మగవాళ్ళ శుభోదయాలు వచ్చాయి. గులాబీ పూలు, తిన్నారా అని ఆరాలు, ఫోటో మార్చండి మేడమ్ అని సలహాలు. ఒకతనికి గట్టిగా జవాబిస్తే, కథలు చదివే ఆడవాళ్ళకి ఇంత పొగరు పనికిరాదన్నాడు. ఆ సంగతి మా ఆయనకి చెప్పాను, చెప్పడం నాదే బుద్ధితక్కువ. “ఎందుకొచ్చిన గొడవ, మూసెయ్యి,” అన్నాడు. మూసేశాను. ఆ శుభోదయాలవాళ్ళ అకౌంట్లు ఎవరూ మూయించలేదు.

ఇప్పుడు మా ఆయన ఫోటో వెనకాల కూర్చుని చూస్తే లోకం మర్యాద నేర్చుకుని వచ్చినట్టుంది. అదే నేను, అవే మాటలు. “సార్, మీరన్నది ఆలోచించాల్సిన విషయం.” “సార్, మీ దృష్టికి నమస్కారం.” ఏ కథలోనైనా తప్పు చూపిస్తే సరిదిద్దుకుంటాం అంటున్నారు. తిన్నారా అని ఒక్కరూ అడగరు. మగవాణ్ణని నేనెక్కడా అబద్ధం రాయలేదు. చదివాను, అనిపించింది, ఒప్పుకోలేను అని రాశాను. ఈ మాటలకి మన భాషలో ఆడా మగా లేదు. పక్కనున్న ఫోటోకే ఉంది.

ఆ రోజు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. డాక్టరు కథ తీశాను. ఆవిడ పొద్దంతా జనం పళ్ళు చూసి, ఆ తీరికలేనితనంలోనే కథలు రాస్తుంది. ఈ కథలో ఒకామెకి పంటినొప్పి. ఇంట్లో అందరి పనులూ అయ్యాక చూపించుకుందామని వాయిదా వేస్తూ, ఏడాది పొడుగునా ఒకవైపే నములుతుంది. చివరికి ఒంటరిగా వెళ్ళి పన్ను పీకించుకుని, బుగ్గలో దూది పెట్టుకుని ఇంటికొచ్చి, ఎవరితోనూ ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోతుంది. అంతే కథ. చదువుతూ దిగాల్సిన చోట దిగకుండా ముందుకెళ్ళిపోయాను. వెనక్కి నడుచుకుంటూ వస్తూ రాశాను: ‘ఆమె తన నొప్పి సంగతి చెప్పలేదని అందరూ అనుకుంటారు. చెప్పింది. కానీ ఆమె నోరు విప్పినప్పుడల్లా ఇంకెవరో తమ నొప్పి మొదలుపెట్టారు. మీరు ఆ మాట ఎక్కడా రాయలేదు గానీ, మధ్యలో అత్తగారు ఉన్నట్టుండి మోకాలు పట్టుకున్న చోట నాకు కనపడింది.’

ఎందుకు కనపడదు? నాకు తలనొప్పి అన్న మరుక్షణం మా ఇంట్లో మోకాలు పుడుతుంది.

ఆలస్యమైనందుకు ల్యాబ్ మేనేజరు గడియారం వైపు చూసి, నా వైపు చూసి, వచ్చినవాళ్ళకి టీ సంగతి చూడమన్నాడు. రిపోర్టులు టైపు చేసేవాళ్ళం ముగ్గురం ఉన్నాం. టీ సంగతి మాత్రం నాకే తెలుసని ఆయన నమ్మకం. కప్పులు అందించి వచ్చి ఫోను చూస్తే డాక్టరు జవాబు వచ్చి ఉంది. ‘సార్, ఆ మోకాలు నేనెందుకు పెట్టానో నాకే తెలియదు. మీరు చెప్పాక తెలిసింది. మగవారై ఉండి ఇంత లోతుగా ఎలా చూడగలిగారు?’ దాని కింద వరసగా అదే మాట. మగవారై ఉండి ఎంత సున్నితత్వం. మగవారై ఉండి మా కష్టం తెలుసుకున్నారు. మీ ఇంట్లో ఆవిడ ఎంత అదృష్టవంతురాలో.

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. ఆడదాన్నై ఉండి ఇదే మాట అడిగితే దణ్ణం బొమ్మ పెట్టారు కదర్రా.

ఆ తర్వాత డాక్టరు విడిగా మెసేజి పెట్టింది. కథలన్నీ కలిపి పుస్తకం వేస్తోందట, ఈ కథ ముగింపు ఉంచాలా మార్చాలా అని అడిగింది. మార్చమన్నాను. ఆమె ఒకసారి నోరు తెరవాలనీ, పళ్ళ డాక్టరు ముందు తెరిస్తే చాలదనీ రాశాను. ఆవిడ నవ్వుతున్న బొమ్మ పెట్టి, ఆలోచిస్తాను సార్ అంది.

బ్యాంకుకి వచ్చిన ఒకాయన మా ఆయన్ని గుర్తుపట్టాడట. మీ కామెంట్లు చదువుతుంటామండీ, కవితలకన్నా అవే బాగుంటాయి అన్నాడట. ఆ రెండో సగం మింగేసి ఉంటే బాగుండేది, కానీ మా ఆయన సంతోషంలో మొత్తం చెప్పేశాడు. భోజనాల దగ్గర, “నా పరిశీలన జనానికి బాగా నచ్చుతోంది,” అని కూర వడ్డించుకున్నాడు. నా కూతురు పదో క్లాసు చదువుతోంది, దానికి లోపల ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అనడం ఇంకా రాలేదు. “అవి అమ్మ రాసినవి కదా నాన్నా,” అంది. ఆయనకి కోపం కూడా రాలేదు. చిన్నపిల్లకి లెక్క అర్థమయ్యేలా చెబుతున్నంత ఓర్పుగా చెప్పాడు. “రాయడమంటే టైపు చెయ్యడం కాదమ్మా. దానికి ఒక వ్యక్తిత్వం కావాలి. ఆ పేరు చూసే జనం చదువుతారు.” అది నావైపు చూసింది. నేను దాని కంచంలో అన్నం పెట్టాను. ఆ క్షణంలో నా చేతికి తెలిసిన పని అదొక్కటే.

ఇంతలో ఆహ్వానం వచ్చింది. ఫేస్‌బుక్కులో రాసుకునే ఆడవాళ్ళ గుంపు ఒకటుంది, డాక్టరు కూడా అందులోనే ఉంది. ఇంతకాలం ఫోన్లలో కలుసుకున్నవాళ్ళు మొదటిసారి ఎదురెదురుగా కలుస్తున్నారట. కథల్లో ఇల్లాలి మనసు గురించి మాట్లాడటానికి మా ఆయన్ని పిలిచారు. అంతమంది ఆడవాళ్ళుండగా ఇల్లాలి మనసు చెప్పడానికి ఒక మగవాడు కావలసొచ్చాడు. కాదు కాదు, ‘మగవాడై ఉండి’ కావలసొచ్చాడు. నాలుగు పేజీలు రాసిపెట్టు, నా పద్ధతిలో మార్చుకుంటాను అన్నాడు. ల్యాబ్‌లో మధ్యాహ్నం డబ్బా తెరిచి, ఒక చేత్తో తింటూ ఒక చేత్తో రాశాను. కథలు చదివే ఇంట్లో తాగిన కప్పులు ఎవరు కడుగుతున్నారు అని ఒక పేరా రాశాను. అది ఆయన కొట్టేశాడు. “మరీ ఇంటి గొడవలా ఉంది,” అన్నాడు. దాని బదులు భూమాతతో పోలుస్తూ తన కవిత ఒకటి చేర్చాడు.

“నువ్వూ రా. ఫోటోలు తియ్యాలి కదా,” అన్నాడు. సరే, వెళ్ళాను.

లైబ్రరీ పై అంతస్తులో హాలు. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మూల టీ ఫ్లాస్కులు. ఇన్నాళ్ళూ వేలెడంత ఫోటోల్లో చూసిన మొహాలన్నీ నిలువెత్తు మనుషులై తిరుగుతున్నాయి. ఆ ఆకుపచ్చ కళ్ళద్దాలావిడ కథలో వాన ఎంత బాగుంటుందో! ఆ మూలనున్నావిడ ఉత్తరాది ఉద్యోగం కథ సగంలో ఆపేసింది, ఎందుకో అడగాలి. అందరూ నాకు తెలుసు. నేనెవరికీ తెలియదు. వాళ్ళందరూ మా ఆయన చుట్టూ మూగారు. ఆ గుంపుకి పెద్దావిడ, రిటైరైన హెడ్మిస్ట్రెస్, నా రెండు చేతులూ పట్టుకుని, ఇలాంటి మనిషి దొరకడం మీ పుణ్యమమ్మా అంది. నేను ఫోను పైకెత్తి ఫోటో తీశాను.

డాక్టరు నేననుకున్నదానికన్నా చిన్న మనిషి. అలిసిపోయిన కళ్ళు. మా ఆయనకి వంగి నమస్కారం పెట్టి, నావైపు తిరిగి, మీరు కూడా రాస్తారా అండీ అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. “తనకి ఇవన్నీ పట్టవండి. ఇల్లూ, ల్యాబూ. నా పోస్టులైనా చదువుతుందో లేదో.” అందరూ మర్యాదగా నవ్వారు. నాకు తల బాదుకోవాలనిపించింది, కానీ చేతిలో ఆయన ఫోటోలున్న ఫోను ఉంది.

ఉపన్యాసం బాగా సాగింది. నేను రాసిన చోట చప్పట్లు, భూమాత దగ్గర దగ్గులు. అది కూడా భరించేదాన్ని. పదిహేడేళ్ళ సంసారంలో నా వస్తువు ఆయన పేరుతో చలామణీ కావడం కొత్తేమీ కాదు. ఇల్లు శుభ్రంగా ఉంటే ఆయన క్రమశిక్షణ, పిల్లకి మార్కులొస్తే ఆయన తెలివి. కానీ చివర్లో డాక్టరు లేచి నిలబడింది. “సార్, నా పంటినొప్పి కథ రేపు అచ్చుకి వెళ్తోంది. ముగింపు మార్చమన్నారు కదా. ఎలా మారిస్తే బాగుంటుందో అందరి ముందూ ఒక్క మాట చెబుతారా?”

ఆయనకి ఏ పన్నూ గుర్తులేదు, ఏ కథా తెలియదు. కవి కదా, తడుముకోలేదు. “చూడండి, స్త్రీ అంటే సహనం. ఆ నొప్పిని ఆమె ఎవరికీ చెప్పకపోవడంలోనే కథకి అందం ఉంది. ఆమెని మాట్లాడించకండి. ఆ మౌనాన్ని అలాగే వదిలెయ్యండి.”

హాల్లో సగంమంది చప్పట్లు కొట్టారు. డాక్టరు మొహంలో ఏదో ఆరిపోయింది. చేతిలోని కాగితాలు మడిచి, “సరే సార్. మీరన్నారు కాబట్టి అలాగే ఉంచుతాను,” అని కూర్చుంది.

అప్పుడు తగిలింది నాకు. నా మాట మీద ఆవిడ పెట్టుకున్న నమ్మకం పట్టుకుని ఆవిడ కథ నోరు మూశాడు. నా పేరు పోతే పోయింది. ఆవిడ కథ ఏం పాపం చేసింది?

టీలకి లేచినప్పుడు నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

“మీ కథలో ఆమె ఊరుకోకూడదండీ. అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు చెప్పాలి. చెప్పి, తనూ కూర్చోవాలి.”

ఆవిడ కప్పు పెదాల దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. “ఆమె నోరు తెరవాలని సారు కూడా నాకు రాశారు. మరి ఇందాక...”

“సారు రాయలేదు. నేను రాశాను.”

“మోకాలి సంగతి?”

“అదీ నేనే. అన్నీ నేనే.”

సంతోషిస్తుందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, అంత పిచ్చిదాన్ని. ఆవిడ కప్పు కింద పెట్టేసింది. చెవులు ఎర్రబడ్డాయి. “ఇన్ని నెలలుగా నేను ఆయనకి నమస్కారాలు పెడుతున్నాను,” అంది. గొంతు తగ్గించి, “మా అమ్మకి చదివి వినిపించేదాన్నండీ ఆ కామెంట్లు. చూడమ్మా, మగవాళ్ళలో ఇలాంటివాళ్ళు కూడా ఉంటారు, నీకూ నాకూ తగల్లేదు గానీ అని. ఇప్పుడావిడకి ఏం చెప్పమంటారు?” అని అడిగింది.

తప్పయిందన్నాను. ముందే చెప్పొచ్చు కదా అని అడిగింది. నా పేరుతో రాస్తే జవాబిచ్చేవారా అని నేనడిగాను. ఇచ్చేదాన్నని వెంటనే అంది. మళ్ళీ తనే తల అడ్డంగా ఊపింది. “ఏమో. బాగా చెప్పారక్కా అని ఒక పువ్వు పెట్టి ఊరుకునేదాన్నేమో.” ఆ మాట అన్నాక మాత్రం నా వైపు సరిగ్గా చూసింది. అంతలో మా ఆయన పిలిచాడు, హెడ్మిస్ట్రెస్‌తో ఫోటో కావాలట.

కారులో ఆయన ఈల వేస్తూ నడిపాడు. ఫోటోలు పెట్టెయ్యి, అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు రాయి, ఆ డాక్టరుకి కాస్త ఎక్కువ రాయి అన్నాడు. నేను ఫోటోలన్నీ ఆయన ఫోనుకి పంపించి, నా ఫోన్లోంచి ఆయన అకౌంటు తీసేశాను. ఆ మాట చెప్పాను. ఇక మీవి మీరే రాసుకోండి, నేను నా పేరుతో మళ్ళీ మొదలుపెడతాను అన్నాను. ఈల ఆగింది.

“ఒక ఇంట్లోవాళ్ళం. రెండు పేర్లెందుకు?”

“అయితే నా పేరే ఉంచుదాం.”

ఇంటికి రాగానే ఆయన మొహం గంటు పెట్టుకుని మంచమెక్కాడు. సంగతి విని, నా కొడుకుని నలుగురిలో చిన్నబుచ్చుతావా అని అత్తగారు మోకాలు పట్టుకుంది. మాత్రలు ఎక్కడున్నాయో ఆవిడకి చెప్పాను. తెచ్చివ్వలేదు.

మర్నాడు ల్యాబ్‌లో అన్నం తింటూ, నా పేరుతో, నా మొహంతో, డాక్టరు కథ కింద రాశాను. హాల్లో చెప్పిన ముగింపే రాశాను, ఎందుకు అలా ఉండాలో కూడా రాశాను. ఇంటిపేరు చూసి మొదట ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. ‘మీలో మీవారి ప్రభావం బాగా కనిపిస్తోంది మేడమ్’ అన్నాడొకడు. ‘శిష్యురాలనిపించుకున్నారు’ అన్నాడు ఇంకొకడు. తర్వాత డాక్టరు రాసింది: ‘అచ్చు ఆపించాను. ముగింపు మారుస్తున్నాను. ఈ మాట నాతో మొదటినుంచీ అంటున్నది మీరే. అమ్మకి కూడా చెప్పాను. అత్తగారి మోకాలిని కనిపెట్టినవాడు మగవాడెలా అవుతాడే, నేనప్పుడే అనుకున్నాను అంది.’ ల్యాబ్ అని కూడా చూడకుండా పైకే నవ్వాను. మేనేజరు తల తిప్పి చూశాడు. టీ అడగబోయి ఎందుకో ఆగిపోయాడు.

మా ఆయన కూడా రాయడం మొదలుపెట్టాడు, పాపం. ఎవరేం రాసినా కింద ఒకటే: ‘చక్కటి రచన. అభినందనలు.’ చావు కథ కిందా అదే, పెళ్ళి కథ కిందా అదే. వారం తిరక్కుండా జనం అడగడం మొదలెట్టారు. సార్, ఒంట్లో బాగోలేదా? సార్, ఈ మధ్య మీరు మీలా లేరు. హెడ్మిస్ట్రెస్ అయితే ఫోను చేసి, బీపీ చూపించుకోమంది.

ఆదివారం పొద్దున నేను కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఆకుపచ్చ కళ్ళద్దాలావిడ కొత్త కథ చదువుతున్నాను. ఆయన ఫోను పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పోట్లాడటానికి రాలేదు. నిజంగానే దిక్కుతోచనట్టున్నాడు.

“వీళ్ళంతా నాకేమైందని అడుగుతున్నారు. ఏం రాయమంటావ్?”

నేను ఫోను ఒళ్ళో పెట్టుకుని ఆయన మొహంలోకి చూశాను.

“ఏమీ కాలేదు, బాగానే ఉన్నాను, ఇన్నాళ్ళూ రాసింది మా ఆవిడ అని రాయాలి. మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?”